బస్తీ బిడ్డకు మొదటి బడి

పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర సందడి మొదలవుతుంది. అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకుంటూ గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు కొలువులకు చదివే పిల్లలు చోటు కోసం తొందరగా వస్తారు. వాళ్ళలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనుషులు. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, కవాడిగూడ గల్లీల్లో, అదే వేళకు ఇంకో రకం తొందర ఉంటుంది. గాంధీనగర్, దోమలగూడ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమడానికి ఆరున్నరకల్లా చేరాల్సిన తల్లి, మూడేళ్ళ బిడ్డను ఎవరి చేతికి అప్పగించాలా అని చూస్తుంటుంది. అంగన్‌వాడీ తెరిచేసరికి తొమ్మిదవుతుంది. ఈలోగా బిడ్డను చంకనెత్తుకునేది చాలా ఇళ్ళలో ఎనిమిదేళ్ళ అక్క.

పేదల పిల్లల తొలి చదువు కోసం సంస్థలు పెట్టినవాళ్ళు, చందాలిచ్చినవాళ్ళు, పరిశోధనలు చేసినవాళ్ళు మన దగ్గర నూరేళ్ళకు పైబడి ఉన్నారు. వాళ్ళు చేసిన పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు, నిలిచినదాని నుంచి ఏం జారిపోయింది అన్నది ఒకచోట పెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కవాడిగూడలో నిలబడి చూస్తే ఆ ప్రశ్న బాగా కనిపిస్తుంది. దాని చరిత్రలో పెద్ద భాగం ఈ చుట్టుపక్కలే జరిగింది.

1910లో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో ఆదిహిందువుల పిల్లల కోసం బడి తెరిచారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. నాలుగేళ్ళ ముందే, 1906లో, జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా బస్తీల్లో జనాన్ని కూడగట్టడం మొదలుపెట్టారు. రాజ్యంలో కొలువూ చదువూ ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో ఆయన బడులు తెలుగులో నడిచాయి. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలు వాటిలో చదివారు. ఒక్క బడి కాలక్రమంలో 26 బడులైంది, పిల్లల సంఖ్య రెండున్నర వేలకు చేరింది. 1934లో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

ఈ చివరి వాక్యాన్ని ఆయన జీవితం రాసేవాళ్ళు సాధారణంగా ముక్తాయింపులా చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆయన గెలుపు అక్కడే కనిపిస్తుంది. చందాల మీద బతికిన బడి ఖజానా బాధ్యతైంది. అంటరానివాళ్ళన్న పిల్లల చదువు దయాధర్మం కాదని, రాజ్యం చేయాల్సిన పని అని పాతికేళ్ళలోపు ఒప్పించగలిగారు. ఒక సేవా సంస్థను తూచడానికి ఇంతకంటే మంచి తూకంరాయి నాకు తెలియదు. అది చూపించిన పనిని తర్వాత ప్రజల సొమ్ముతో, ప్రజల హక్కుగా నడిపే రోజు వచ్చిందా లేదా?

నారాయణగూడ వైపు వస్తే మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ఉంది. 1928లో మొదలైంది. తెలుగులో చదివే ఆడపిల్లలకు ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు దొరకనప్పుడు, పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం ద్వారా వాళ్ళు మెట్రిక్ రాసేవారు. ఇదే నారాయణగూడలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన బాలానంద సంఘం ఉంది. మద్రాసులో పుట్టిన ఆ సంఘం 1956 తర్వాత ఆ దంపతులతోపాటు హైదరాబాదుకు వచ్చింది. బడికి వెళ్ళే వయసు రాని పిల్లవాడికి కూడా పాట, ఆట, కథ, నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం కావాలని, అవన్నీ చదువేనని తెలుగువాళ్ళకు చెప్పినవాళ్ళు వీళ్ళు. ఇప్పుడు శిశువిద్య నిపుణులు లావుపాటి పుస్తకాల్లో రాస్తున్నది చాలావరకు ఇదే. అయితే బాలానందం ఎక్కువగా చదువుకున్న ఇళ్ళ పిల్లలను చేరింది. రేడియో ఉన్న ఇల్లు, పిల్లల్ని సంఘానికి తీసుకెళ్ళే తీరిక ఉన్న తల్లి, ఈ రెండూ బస్తీలో తక్కువ.

బస్తీని, పల్లెను నేరుగా పట్టుకున్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్. పన్నెండేళ్ళు అటూఇటూగా ఉన్న వయసులో కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపిన మనిషి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సొమ్మిచ్చి బాలవాడీలు నడిపించే పద్ధతి ఆ బోర్డుతో దేశమంతటా పాకింది. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అంగన్‌వాడీని ‘బాలవాడి’ అనడం ఆ కాలపు జ్ఞాపకమే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి విద్యానగర్ వెళితే ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి కనిపిస్తుంది. అదే సభ సాక్షరతా భవనం నడిపి, కొత్తగా అక్షరాలు నేర్చిన పెద్దవాళ్ళ కోసం తెలుగులో చిన్నచిన్న పుస్తకాలు వేసింది. తల్లి చదువు, బిడ్డ చదువు ఒకే పనికి రెండు కొసలని ఆమె గ్రహించారు. తర్వాత వచ్చిన పథకాలు ఆ రెండింటినీ రెండు శాఖలకు పంచేశాయి. ఆ విడదీత నష్టం ఇప్పటికీ పూడలేదు.

‘అంగన్‌వాడీ’ అన్న మాట కూడా ఒక స్వచ్ఛంద ప్రయత్నం నుంచి వచ్చిందే. మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో 1945లో తారాబాయి మోదక్, అనుతాయీ వాఘ్ బాలవాడి మొదలుపెట్టారు. పేద పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిలికి తీసుకెళ్ళారు. వాకిలి అంటే అంగణం, ఆ అంగణంలో వాడి. 1975 అక్టోబరు 2న కేంద్రం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టినప్పుడు ఆ మాటను తీసుకుంది. ఈరోజు ఒక్క తెలంగాణలోనే 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. భాగ్యరెడ్డి వర్మ బడుల కథే మళ్ళీ జరిగిందన్నమాట, ఈసారి దేశమంత మేర.

కానీ ఇక్కడ నా తూకంరాయి కూడా సరిపోలేదు. ప్రభుత్వం ఆ పనిని తీసుకుంది, తీసుకుంటూ సగం జారవిడిచింది. అన్నం, గుడ్డు, పాలు, బాలామృతం, టీకాలు, తూకం నిలిచాయి. పాట, కథ, మాట, ఆట పలచబడ్డాయి. బస్తీలో ఏ తల్లిని అడిగినా అంగన్‌వాడీ అంటే గుడ్లిచ్చే చోటు అంటుంది. చదువు కావాలంటే ఎల్‌కేజీకి పంపాలంటుంది. ఆమె మాటలో తప్పు లేదు, చూసినదే చెబుతోంది.

టీచర్ తప్పు కూడా లేదు. ఒక టీచర్, ఒక ఆయమ్మ. ఆ టీచర్ పిల్లల బరువు తూయాలి, గర్భిణుల పేర్లు రాయాలి, 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో ఫోన్ మీద ఎక్కించాలి, ఇంటింటి సర్వేకు వెళ్ళాలి, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో మూడేళ్ళ పిల్లాణ్ణీ ఐదేళ్ళ పిల్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పాలి. ఆమెకు కేంద్రం నిర్ణయించిన మొత్తం 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500 రూపాయలు. తెలంగాణలో రాష్ట్రం కలిపి 2021లో దాన్ని 13,650 చేసింది. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగి రోజుల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళ డిమాండ్లు చదివినవారికి, పిల్లల చదువు గురించి మాట్లాడుతూ ఈ మనిషి కూలి గురించి మాట్లాడకపోవడం ఎంత తప్పో తెలుస్తుంది.

చట్టంలోనే ఒక ఖాళీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల సంగతి సెక్షన్ 11లో ఉంది. వాళ్ళకు ఉచితంగా పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు ప్రభుత్వం ‘చేయవచ్చు’ అంటుంది, ‘చేయాలి’ అనదు. 2020 జాతీయ విద్యావిధానం ఆ మూడేళ్ళనూ చదువులో భాగం చేసింది గానీ విధానానికి చట్టమంత బలం లేదు. అదృష్టవశాత్తు సుప్రీంకోర్టు ఉత్తర్వు ఒకటి ఉంది. 2006 డిసెంబరు 13న ఇచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఏ పల్లెవాసులైనా, మురికివాడ వాసులైనా అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలి. జీహెచ్‌ఎంసీ లెక్కల్లో 1,476 బస్తీలున్న నగరంలో ఈ ఉత్తర్వు ఉందని తెలిసిన తల్లులు ఎంతమంది ఉంటారు? సేవా సంస్థలు పంచే కరపత్రాల్లో ఇది మొదటి వాక్యం కావాలి.

ఇక పరిశోధనలు. ఈ రంగంలో అందరూ చెప్పేది అమెరికాలోని పెర్రీ ప్రీస్కూల్ సంగతి. 1960ల్లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 123 మంది పేద నల్లజాతి పిల్లల్ని తీసుకుని, కొందరికి మంచి బాలబడి ఇచ్చి, ఇంకొందరికి ఇవ్వకుండా, వాళ్ళ జీవితాల్ని దశాబ్దాలపాటు చూశారు. బడి దొరికినవాళ్ళు ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదించారు, జైలు పాలైనది తక్కువ. విరాళాలు అడిగే ప్రతి పత్రంలోనూ ఈ ఫలితం ఉంటుంది. ఆ పత్రాల్లో సాధారణంగా లేనిది ఒకటుంది. ఆ టీచర్లు శిక్షణ పొందినవాళ్ళు, ఒక్కొక్కరి కింద ఐదారుగురు పిల్లలే ఉండేవారు, వారానికోసారి ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళి తల్లితో కూర్చునేవారు. జమైకాలో 1980ల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లల మీద చేసిన ప్రయత్నంలో బడి లేనే లేదు. ఆరోగ్య కార్యకర్తలు వారం వారం ఇంటికి వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇలా కార్యకర్తలు వెళ్ళిన ఇళ్ళ పిల్లల సంపాదన, వెళ్ళని ఇళ్ళ పిల్లలకంటే పాతిక శాతం ఎక్కువని తేలింది.

అంటే ఫలితం ఇచ్చింది రంగుల గోడలు కాదు. శిక్షణ ఉన్న ఒక పెద్ద మనిషి బిడ్డకు ఎదురుగా కూర్చుని గడిపిన సమయం.

మన దక్షిణాదిలోనే దీనికి గట్టి రుజువు ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీలను ఎంచుకుని, వాటిలో సగానికి చదువు కోసమే ఒక్కో అదనపు కార్యకర్తను ఇచ్చారు. అదీ పూర్తి రోజు కాదు, సగం రోజు మాత్రమే. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తిరిగేసరికి పిల్లలకు లెక్కల్లో, భాషలో స్పష్టమైన మెరుగుదల వచ్చింది. ఇంకో సంగతి ఎవరూ ఊహించనిది. చదువు భారం కొంత తగ్గడంతో పాత టీచర్‌కు ఆరోగ్యం, పోషణ పనులకు తీరిక దొరికి, ఎదుగుదల లేని పిల్లల సంఖ్య కూడా తగ్గింది. ఒక మనిషిని చేర్చితే రెండు పనులూ బాగుపడ్డాయి. కొత్త భవనం లేదు, కొత్త పథకం పేరు లేదు.

తెలంగాణ గురించే నేరుగా చెప్పే అధ్యయనం ఒకటి ఉంది. 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో సుమారు 14,000 మంది నాలుగేళ్ళ పిల్లల్ని ఏడాదికేడాది వెంబడించి చూశారు. దిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కేంద్రం కలిసి చేసిన పని. పిల్లలు మనం అనుకునే వరుసలో బాలబడి నుంచి ఒకటో తరగతికి వెళ్ళడం లేదని, అటూఇటూ మారుతూ ఉంటారని అది చూపింది. అంగన్‌వాడీలో చదువు తక్కువ. ప్రైవేటు నర్సరీల్లో చదువు ఉంది గానీ అది ఒకటో తరగతిని మూడేళ్ళ వయసుకు లాక్కొచ్చిన చదువు. కూర్చోబెట్టి రాయించడం, వల్లె వేయించడం, హోంవర్క్. రెండు చోట్లా ఆ వయసుకు తగింది లేదు. మెరుగ్గా కనిపించినవి కొద్దిపాటి స్వచ్ఛంద సంస్థలు నడిపిన కేంద్రాలు. వాటి దగ్గర పిల్లలకు చేతికి వస్తువులుండేవి, టీచర్ వాళ్ళతో మాట్లాడేది, వాళ్ళు తిరిగి మాట్లాడేవారు. సేవా సంస్థలకు ఇది గర్వపడాల్సిన ఫలితమే. పిల్లలందరిలో ఎంత కొద్దిమంది ఆ కేంద్రాల్లో ఉన్నారో చూస్తే మాత్రం గర్వం నిలవదు.

నగరం గురించి ఇలాంటి సమాచారం తక్కువ. పేపర్లలో వచ్చే అసర్ నివేదిక పల్లెలది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు దేశంలో 2018లో 27.3 శాతం, కరోనా తర్వాత 2022లో 20.5, 2024లో 27.1 అని అది చెబుతుంది. పోయినది తిరిగి వచ్చిందని సంతోషించాలో, వందలో డెబ్బైమందికి పైగా ఇంకా చదవలేకపోతున్నారని బాధపడాలో మనమే తేల్చుకోవాలి. కవాడిగూడ పిల్ల ఈ లెక్కలో లేదు. హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 2011 జనాభా లెక్కల్లో 83.25 శాతం, రాష్ట్ర సగటు 66.54. ఆ పెద్ద అంకె కింద బస్తీ దాక్కుంటుంది. నగరం చదువుకుందని అందరూ అనుకోవడమే బస్తీకి జరిగే అన్యాయం.

కవాడిగూడ చుట్టూ మూతపడ్డ డీబీఆర్ మిల్లు గోడలు చూసినవారికి ఇంకో సంగతి అర్థమవుతుంది. ముప్పైమంది కంటే ఎక్కువ మంది స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెష్ తప్పనిసరి చేసింది. నాలుగిళ్ళలో పనిచేసే మనిషికి ఏ చట్టమూ క్రెష్ ఇవ్వలేదు. ఆమెకు నలుగురు యజమానులున్నారు, ఏ ఒక్కరికీ బాధ్యత లేదు. 1969లో దిల్లీ కట్టడాల దగ్గర మొదలైన మొబైల్ క్రెషెస్ సంస్థ, కూలితల్లి బిడ్డకు పని జరిగే చోటే గూడు కావాలని చూపింది. 2022లో కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీతో కలిపిన క్రెష్‌లు తెస్తామన్నప్పుడు వెనక ఉన్నది ఇలాంటి అనుభవమే. అవి బస్తీకి ఎంత త్వరగా వస్తే అక్కచెల్లెళ్ళకు అంత మంచిది.

అక్కచెల్లెళ్ళు అనడానికి కారణం ఉంది. ప్రొఫెసర్ శాంతా సిన్హా తన తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని నుంచి బడికి మళ్ళించే ఉద్యమం నడిపారు. 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్ళు పెట్టుకున్న సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే. ఇంట్లో చెల్లెలిని ఎత్తుకునే పిల్ల కూడా. ఈ సూత్రం వెంటబెట్టుకుని బస్తీలోకి వెళితే, మూడేళ్ళ బిడ్డకు రోజంతా నడిచే మంచి అంగన్‌వాడీ అంటే ఎనిమిదేళ్ళ అక్కకు మూడో తరగతి అని వెంటనే తెలుస్తుంది. ఎంవీ ఫౌండేషన్ వేరే బడులు కట్టి సామ్రాజ్యం చేసుకోలేదు. శిబిరాల్లో పిల్లల్ని సిద్ధం చేసి ప్రభుత్వ బడిలోనే చేర్పించింది, ఆ బడి బాగా నడవాలని ఊరి మనుషులతోనే అడిగించింది. మన కాలంలో భాగ్యరెడ్డి వర్మ పద్ధతికి దగ్గరగా ఉన్నది అదే అని నా అభిప్రాయం.

ఇప్పటి సేవా సంస్థల గురించి కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు తమ మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. చదువు వాళ్ళకు ఇష్టమైన పద్దు. కానీ ఆ డబ్బు ఏడాదికి సరిపడా వస్తుంది, మార్చి నెలాఖరుకు లెక్క అప్పచెప్పాలి. బ్యాగులు, క్రేయాన్లు, ట్యాబ్‌లు, గోడల మీద బొమ్మలు లెక్కకు దొరుకుతాయి. బిడ్డ నోట మాట పెరగడం లెక్కకు దొరకదు, దానికి మూడేళ్ళు పడుతుంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని మార్చి, ఆ సొమ్మును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు, నిర్వహణ ఖర్చుకు ఇరవై శాతం గీత గీశారు. పెద్ద సంస్థ దగ్గర నిధి తెచ్చుకుని గల్లీలో పనిచేసే చిన్న సంస్థలకు అది గట్టి దెబ్బ. బస్తీ మనుషుల్ని పేరుపేరునా ఎరిగినవి ఆ చిన్నవే.

ఆదివారం వచ్చి పాఠాలు చెప్పే ఉద్యోగుల మనసు నాకు తెలుసు. వాళ్ళలో నిజమైన ప్రేమ ఉంది. అయితే మూడేళ్ళ బిడ్డకు వారానికో కొత్త ముఖం అక్కర్లేదు, రోజూ అదే ముఖం కావాలి. ముంబై, వడోదరల్లో ‘ప్రథమ్’ సంస్థ బస్తీలోనే పుట్టి పెరిగి పదో తరగతి చదివిన అమ్మాయిలను బాల్‌సఖులుగా పెట్టి, వెనకబడిన పిల్లలకు రోజూ రెండు గంటలు చదువు చెప్పించింది. పరీక్షించి చూస్తే పిల్లల చదువు బాగా పెరిగింది. ఆ అమ్మాయిలకు ఇచ్చిన డబ్బు కొద్దిపాటిది. కవాడిగూడలో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలకు కొదవలేదు. దాతల సొమ్ము వెళ్ళాల్సింది అక్కడికి.

భాష సంగతి చాలామంది పక్కకు నెడతారు. కవాడిగూడ, భోలక్‌పూర్, ముషీరాబాద్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒకే అంగన్‌వాడీలో తెలుగు ఇంటి పిల్ల, దక్కనీ ఉర్దూ ఇంటి పిల్లవాడు, కట్టడం పని కోసం ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్ళ బిడ్డ కలిసి కూర్చోవడం మామూలే. అక్కణ్ణుంచి వాళ్ళు వెళ్ళేది 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం నడుస్తున్న ప్రభుత్వ బడికి. తల్లిదండ్రులు ఇంగ్లిష్ కోరడాన్ని నేను తప్పు పట్టను, కొలువులిచ్చే భాషను అడిగే హక్కు పేదవాడికీ ఉంది. కానీ మూడేళ్ళప్పుడు బిడ్డకు కావాల్సింది మాటలు, అవి తనకు తెలిసిన భాషలోనే పెరుగుతాయి. మన లిపి సంగతి చూడండి. యాభై ఆరు అక్షరాలు, ఒక్కో హల్లుకు గుణింతం, కింద వొత్తులు. వందల రూపాలు గుర్తుపట్టి చదవడానికి పిల్లలకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతకాలం ఓపిక పట్టాలంటే ఆ అక్షరాల వెనక ఉన్న మాటలు, కథలు ముందే చెవిలో పడి ఉండాలి. చెవి నిండని బిడ్డ చేత పలక మీద దిద్దించడం వల్ల అరిగేది బలపమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లోనే కోయ, గోండి, సవర, కొలామి, బంజారా వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు తొలి చదువు మొదలుపెట్టింది. కొండల్లో చేయగలిగినది నగరం నడిబొడ్డున ఎందుకు చేయలేం? ఉర్దూ మాట్లాడే ఇంకో ఆయమ్మను పెట్టడానికి పెద్ద విధానమేమీ అక్కర్లేదు.

తల్లులకు అక్షరాలు నేర్పితే బిడ్డలు బాగుపడతారా అన్న ప్రశ్నకు జవాబు కాస్త చిక్కు. బిహార్, రాజస్థాన్‌లలో ప్రథమ్ చేసిన ఒక పెద్ద ప్రయోగంలో కొందరు తల్లులకు తరగతులు పెట్టారు, కొందరికి ఇంట్లో బిడ్డతో చేయాల్సిన పనులు నేర్పారు, కొందరికి రెండూ ఇచ్చారు. పిల్లల మార్కుల్లో పెరుగుదల చిన్నదే. తల్లులు మాత్రం బిడ్డ చదువులో ఎక్కువ పాల్గొన్నారు. మార్కుల్లో కనిపించనిది జీవితంలో ఎంత కనిపిస్తుందో నెల్లూరు జిల్లా చెప్పింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి తరగతులకు వచ్చిన దూబగుంట స్త్రీలు పాఠం నుంచి సారా మీద పోరాటానికి మళ్ళారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదువుకున్న తల్లి తన బిడ్డకు రెండు అక్షరాలు ఎక్కువ నేర్పుతుందో లేదో గానీ, గుడ్డు తక్కువైతే, టీచర్ రాకపోతే నిలదీస్తుంది.

ఆరోగ్యం విడిచి చదువు లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్ళు తాగి జనం చనిపోయారు. ఆ వీధుల్లో బిడ్డ బడికి రాని రోజుల్లో ఎన్ని విరేచనాల వల్ల పోతున్నాయో టీచర్‌కు తెలుసు. అక్షరం అన్నం పక్కనే ఉండాలన్న అంగన్‌వాడీ ఆలోచన అందుకే సరైనది. దాన్ని వదిలేసి బస్తీలో విడిగా ఓ చిన్న ఇంగ్లిష్ బడి తెరవాలనుకునే దాతలు ఈ మాట ఆలోచించాలి. నిధి ఆగిన ఏడాది ఆ బడి మూతపడుతుంది. అంగన్‌వాడీ ఎంత బలహీనమైనదైనా మూతపడదు, అది హక్కు.

పుస్తకాల కొరత ఇప్పుడు సాకు కాదు. సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ పిల్లలకు తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కొరత ఉన్నది ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివే మనిషికి. ఇంకొక మాట. మన ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల సెస్సు ఉంది. ఇల్లున్న ప్రతివారూ కడుతున్నారు. ఆ సొమ్ము కార్పొరేషన్ నుంచి గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరేలా చూసి, అందులో ఒక పాలు అంగన్‌వాడీలకు బొమ్మల పుస్తకాలుగా, వారానికోసారి కథ చెప్పే మనిషిగా మారిస్తే, అది ఎవరి దయా అక్కర్లేని సేవ.

ఇదంతా చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. బస్తీ పిల్లల కోసం డబ్బో సమయమో ఇవ్వాలనుకునేవారు కొత్త కేంద్రం తెరవకండి. ఉన్న అంగన్‌వాడీకి చదువు చెప్పే రెండో మనిషిని ఇవ్వండి, ఆమెను ఆ గల్లీ నుంచే ఎంచుకోండి, కనీసం మూడేళ్ళు జీతం ఆగకుండా చూడండి. ఆమె ఉండటం వల్ల ఏం మారిందో రాసి పెట్టండి. ఆ కాగితం పట్టుకుని, ఆ ఖర్చు ఇక మీది అని ప్రభుత్వాన్ని అడగండి. 1934లో అది సాధ్యమైంది.

కవాడిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డ ఏ అంగన్‌వాడీకి వెళుతుందో ఈ వారం అడగండి. ఒక ఉదయం పది గంటలకు అక్కడికి వెళ్ళి టీచర్‌తో మాట్లాడండి. అక్కడ కేంద్రమే లేకపోతే, ఆరేళ్ళలోపు పిల్లల పేర్లు నలభై రాసి, తల్లుల సంతకాలతో ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో ఇప్పించండి. మూడు నెలల గడువు ఆ రోజు నుంచి మొదలవుతుంది.